తెరచాప పడవ స్టీరింగ్ చక్రం: ఊడదీయడం, కొత్త తోలు కుట్టడం

హుస్సేన్ సాగర్‌లో తిరిగే చిన్న తెరచాప పడవలకి చక్రం ఉండదు. చుక్కాని తలకి బిగించిన టిల్లర్ కర్ర పట్టుకుని అటూ ఇటూ తోస్తే పడవ తిరుగుతుంది. సముద్రం మీదికి వెళ్లే 35, 40 అడుగుల పడవల్లో మాత్రం కాక్‌పిట్ (పడవ నడిపేవాళ్లు కూర్చునే గుంట) మధ్యలో పెడెస్టల్ అనే స్తంభం, దానికో పెద్ద స్టీల్ చక్రం కనిపిస్తాయి. బోడి స్టీల్ తడి చేతిలో జారుతుంది, ఎండకి కాలుతుంది, చలిగాలిలో వేళ్లు కొంకర్లు పోయేలా చేస్తుంది. అందుకే దానికి తోలు తొడుగుతారు. ఎండకీ ఉప్పునీళ్లకీ ఆ తోలు కొన్నేళ్లలో గట్టిపడి, కుట్లు తెగి, రిమ్ము మీద గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. చేతి కింద తోలు తిరుగుతోందంటే మార్చక తప్పదు. పైన పాలిష్ రాస్తే బాగుపడదు.

కుట్టుకి కావాల్సింది ఓపికే. పని చెడేది కొలతల దగ్గర, అందులోనూ భయపడి తోలుని కాస్త పెద్దగా కోయడం దగ్గర. ఈ వ్యాసంలో లెక్కలన్నీ ఒకే నమూనాకి ఇస్తున్నాం: అంచు నుంచి అంచుకి 36 అంగుళాలు, అంటే 914 మి.మీ. వ్యాసం ఉన్న స్టెయిన్‌లెస్ స్టీల్ చక్రం, 25 మి.మీ. రిమ్ము గొట్టం, 6 ఆకులు. మీ చక్రం వేరైతే అంకెలు మారతాయి, పద్ధతి ఇదే.

చక్రం ఊడదీయడానికి ముందు

పడవ జెట్టీకి గట్టిగా కట్టి ఉండాలి. లంగరు మీద ఉన్నప్పుడు ఈ పని వద్దు. అత్యవసర టిల్లర్ ఎక్కడుందో వెతికి, చుక్కాని ఇరుసు తల మీద ఒకసారి పెట్టి చూడండి. చాలా పడవల్లో అది లాకర్ అడుగున పడి ఉంటుంది, డెక్ మీది మూత బిగుసుకుపోయి తెరుచుకోదు. విశాఖ, హైదరాబాద్ అమ్మాయిలు కూడా ఉన్న నౌకాదళ బృందం ఐఎన్‌ఎస్‌వీ తారిణి మీద ప్రపంచం చుట్టి వచ్చేటప్పుడు, 2018 ఏప్రిల్‌లో స్టీరింగ్ చెడి మారిషస్‌లోని పోర్ట్ లూయిస్‌లో ఆగాల్సి వచ్చింది. చక్రం పనిచేయని రోజు దేనికైనా రావచ్చు, కాబట్టి టిల్లర్ సరిపోతుందో లేదో ఈ రోజే తెలుసుకోవడం మంచిది.

తర్వాత చుక్కానిని నడిమికి తెచ్చి గుర్తు పెట్టుకోవాలి. చక్రాన్ని ఒక వైపు ఆగేదాకా తిప్పి, అక్కడి నుంచి రెండో వైపు ఆగేదాకా ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. అందులో సగం దగ్గర ఆపండి. అప్పుడు పైకి నిలబడే ఆకే కింగ్ స్పోక్. దాని తల దగ్గర రిమ్ము మీద టర్క్స్ హెడ్ అనే, తాడుతో కంకణంలా అల్లిన ముడి ఉండడం ఆనవాయితీ. చీకట్లో చేత్తో తడిమినా చుక్కాని నడిమికి వచ్చిందో లేదో తెలియడానికే ఆ ముడి. సగం దగ్గర ఆ ఆకు పక్కకి వాలి ఉంటే తప్పు చక్రానిది కాదు, కింద చుక్కానిని తిప్పే తీగల సర్దుబాటుది. ఒక వైపు తీగని వదులు చేసి రెండో వైపు అంతే బిగించాలి. చక్రాన్ని వేరే కోణంలో పెట్టి సరిచేద్దామనుకోకండి. చక్రం ఇరుసు గాడిలో కీ అనే చిన్న స్టీల్ ముక్క ఉంటే చక్రం ఒకే కోణంలో కూర్చుంటుంది.

చక్రానికి ఆటోపైలట్ ఉంగరం బిగించి ఉంటే దాని తీగ పీకి, ఆకులకి పట్టుకున్న క్లాంపులు ముందే విప్పండి. అది చక్రానికి వేలాడుతుండగా చక్రం లాగితే ప్లాస్టిక్ చెవులు విరుగుతాయి.

చివరగా, కాక్‌పిట్‌లో నీళ్లు పోయే రంధ్రాల్లో గుడ్డలు కుక్కి, పెడెస్టల్ కింద పాత తువ్వాలు పరవండి. కీ అనేది వేలి కొస అంత స్టీల్ ముక్క. చక్రం బయటికి రాగానే జారి పడుతుంది, పడితే నేరుగా ఆ రంధ్రంలోకే పోతుంది.

చక్రం బయటికి

పెడెస్టల్ బ్రేకు బిగించండి, కానీ బిగుసుకున్న నట్టు బలమంతా దాని మీద పెట్టొద్దు. ఆ బ్రేకు చక్రం కదలకుండా ఆపడానికే గానీ స్పానర్ దెబ్బని తట్టుకోవడానికి కాదు. ఇంకొకరు రిమ్ముని రెండు చేతులతో పట్టుకోవాలి. రిమ్ము నడిబొడ్డుకి 45 సెం.మీ. దూరంలో ఉంటుంది కాబట్టి మామూలు మనిషి బలానికే చక్రం కదలదు. ఆకుల మధ్య కర్ర దూర్చి ఆపితే ఆకు వంగుతుంది.

నడిబొడ్డు మీద మూత ఉంటే తీసి, నట్టుకి సరిగ్గా సరిపోయే స్పానర్‌తో గడియారం ముల్లుకి ఎదురుగా తిప్పండి. కొన్ని చక్రాలకి స్పానర్ అక్కర్లేకుండా చేత్తోనే తిప్పే పెద్ద నట్టు ఉంటుంది. నట్టు కదలకపోతే తుప్పు వదిలించే నూనె చల్లి రాత్రంతా వదిలేయండి.

నట్టుని పూర్తిగా తీసేయకండి. రెండు మూడు మరలు పట్టి ఉండేలా వదిలి, చక్రాన్ని ఎడమ కుడి అంచుల దగ్గర పట్టుకుని, ఒకసారి ఎడమ వైపు, ఒకసారి కుడి వైపు మీ మీదికి లాగుతూ ఊపండి. నట్టు ఎందుకు ఉంచాలంటే, బిగుసుకున్న చక్రం ఊడినప్పుడు ఉన్నపళంగా ఊడుతుంది. నట్టు లేకపోతే లాగేవాళ్లు చక్రంతో సహా వెనక్కి పడతారు.

ఇరుసు నిటారు గొట్టంలా ఉంటే చక్రం ఇంతటితోనే కదులుతుంది. కొస వైపు సన్నబడే ఇరుసైతే మొండికేస్తుంది, ముఖ్యంగా అల్యూమినియం నడిబొడ్డు స్టీల్ ఇరుసు మీద కూర్చున్నప్పుడు. రెండు వేర్వేరు లోహాల మధ్య ఉప్పునీరు చేరితే అల్యూమినియం తినుకుపోయి, ఆ తెల్లటి పొడి సిమెంటులా పట్టేస్తుంది. దీనికి ముందుగా మరిగే నీళ్లలో ముంచిన గుడ్డని నడిబొడ్డుకి చుట్టి, రెండు నిమిషాలకోసారి మారుస్తూ పది నిమిషాలు వేడెక్కించండి. నీళ్ల వేడి 100 డిగ్రీలు దాటదు కాబట్టి లోపలి ప్లాస్టిక్ ముక్కలకి ముప్పు ఉండదు. మంట పెట్టే టార్చితో ఆ భరోసా లేదు. అప్పటికీ రాకపోతే మెకానిక్కుల మూడు కాళ్ల పుల్లర్ వాడాలి. దాని కాళ్లు నడిబొడ్డు వెనక పట్టుకోవాలి, ఆకుల వెనక కాదు. ఆకులకి పట్టిస్తే వెల్డింగు పగులుతుంది. పుల్లర్‌ని బిగించి, నడిబొడ్డు పక్కన చెక్క సుత్తితో చిన్నగా తట్టి, మళ్లీ కొంచెం బిగించి తట్టండి. ఇరుసు కొస మీద సుత్తితో కొట్టడం చాలామంది చేసే తప్పు. మర చితికితే నట్టు ఎక్కదు, లోపల బేరింగు దెబ్బతింటే పెడెస్టల్ మొత్తం విప్పాలి.

చక్రం రాగానే కీ, వాషర్, నట్టు ఒకే డబ్బాలో వేసి మూత పెట్టండి. రెండు చక్రాల పడవైతే ఏ వైపువి ఆ వైపు విడిగా ఉంచాలి.

పాత తోలు తీయడం

కుట్టు వెంట దారాన్ని మాత్రమే తెంపండి. దర్జీలు కుట్లు విప్పడానికి వాడే చిన్న కొక్కెం కత్తి దీనికి సరిగ్గా సరిపోతుంది. తోలుని బ్లేడుతో అడ్డంగా కోస్తే కింది స్టీల్ మీద గీత పడుతుంది, ఆ గీతలో ఉప్పు చేరి అక్కడే తుప్పు మొదలవుతుంది. ఒక ముక్కని చింపకుండా తీసి ఉంచుకోండి. అది సాగిపోయి ఉంటుంది కాబట్టి కొలతకి పనికిరాదు. ఆకు దగ్గర ఎలా మలిచారో, రంధ్రాలు ఎక్కడ పెట్టారో చూడడానికి పనికొస్తుంది.

పాత జిగురు ఉంటే టర్పెంటైన్‌తో తడిపిన గుడ్డ కాసేపు కప్పి, ప్లాస్టిక్ పలకతో గీకండి. రంగు వేసిన చక్రాలకీ కార్బన్ చక్రాలకీ ఘాటైన ద్రావకాలు తగిలించొద్దు. తోలు కింద గోధుమ రంగు మచ్చలు కనిపించడం సహజం. స్టెయిన్‌లెస్ స్టీల్‌ని కాపాడే పొర నిలబడాలంటే దానికి గాలి కావాలి. తడి తోలు కింద గాలి ఆడదు, ఉప్పు మాత్రం ఉంటుంది. మచ్చల్ని స్టెయిన్‌లెస్ పాలిష్‌తో తోమి, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. గిన్నెలు తోమే ఇనప పీచు వాడొద్దు, దాని రజను ఇరుక్కుని మళ్లీ తుప్పు పడుతుంది.

ఆకులు రిమ్ముని కలిసేచోట వెల్డింగుని ఒక్కొక్కటిగా చూడండి. సన్నటి గోధుమ గీత ఉంటే అది పగులు కావచ్చు. చక్రాన్ని ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినబడినా అదే అనుమానం. అలాంటి చక్రాన్ని ముందు వెల్డర్ దగ్గరికి పంపి, ఆ తర్వాతే తోలు సంగతి చూడాలి.

తోలు, దారం

క్రోమ్ పద్ధతిలో పదును చేసిన మెత్తటి తోలు, 1.0 నుంచి 1.3 మి.మీ. మందం. బెరడుతో పదును చేసిన చెప్పుల తోలు వద్దు. తడిసి ఆరితే అట్టలా అవుతుంది, ఇనుము తగిలితే నల్లబడుతుంది. రెక్సిన్ అసలే వద్దు. తోలులా సాగదు, ఎండకి పగులుతుంది, చెమట చేతికి అతుక్కుంటుంది. కారు షాపుల్లో దొరికే రెడీమేడ్ స్టీరింగ్ తొడుగు గురించి కొందరు అడుగుతారు: కారు స్టీరింగ్ వ్యాసం 38 సెం.మీ. దగ్గర, మన చక్రం 91.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఎడ్సన్ లాంటి కంపెనీలు రంధ్రాలతో సహా కోసిన తోలు కిట్లు అమ్ముతాయి. చక్రం వ్యాసం, గొట్టం మందం, ఆకుల సంఖ్య చెబితే చాలు. మన దగ్గర తోలు చదరపు అడుగుల లెక్కన కొనాలి. చెన్నై పెరియమేట్ తోళ్ల బజారులో కావాల్సిన మందం అడిగి తీసుకోవచ్చు. మన 6 ముక్కలకి నికరంగా పట్టేది రెండున్నర చదరపు అడుగుల లోపే. అయినా 5 కొనండి, మచ్చలున్న చోటూ వదులుగా సాగే పొట్ట భాగమూ వదిలేయాలి కదా. ముక్కలన్నీ తోలు మీద ఒకే దిశలో గీసుకోండి. ఒకటి వెన్ను వెంట, ఇంకొకటి అడ్డంగా కోస్తే రెండూ రెండు రకాలుగా సాగుతాయి.

దారం మైనం పట్టించిన పాలిస్టర్, 0.8 నుంచి 1 మి.మీ. లావు. నూలుదారం కుళ్లుతుంది, నైలాన్ తడిస్తే సాగుతుంది. ఒక్కో ముక్కకి 3 మీటర్ల చొప్పున 18 మీటర్లు పడుతుంది, 25 మీటర్ల రీలు కొనుక్కుంటే సరి. మొన మొద్దుగా ఉండే తోలు సూదులు రెండు కావాలి. వాడి సూదైతే పాత దారాన్నే చీల్చుకుంటూ పోతుంది.

కోత

ముందు వెడల్పు. గొట్టం చుట్టూ కాగితం పట్టీ చుట్టి కొలవండి. మన గొట్టానికి 78.5 మి.మీ. వస్తుంది. తోలుని 78కి కోయాలి. 1.2 మి.మీ. తోలు వంగినప్పుడు దాని మందమే మరికొంత చుట్టు తినేస్తుంది కాబట్టి పొడిగా చుట్టి చూస్తే అంచుల మధ్య 5 మి.మీ. దాకా సందు కనిపిస్తుంది. చూడగానే చిన్నదైపోయిందని గుండె గుభేలుమంటుంది. అంతే ఉండాలి. తడిపి దారంతో లాగినప్పుడు ఆ సందు 1, 2 మి.మీ.కి వస్తుంది, ఆరాక తోలు రిమ్ముని పట్టేస్తుంది. అంచులు చేత్తోనే హాయిగా కలిశాయంటే తోలు వెడల్పెక్కువ. అలాంటి తొడుగు మొదటి సీజన్‌లోనే వదులై తిరుగుతుంది.

పొడవు సంగతి ఇంకాస్త చిక్కు. రిమ్ము వంపు తిరిగి ఉంది కదా, ఆకు నడిమి నుంచి పక్క ఆకు నడిమికి బయటి అంచు మీద 478 మి.మీ. వస్తే, కుట్టు వచ్చే లోపలి అంచు మీద 452 మాత్రమే వస్తుంది. 478కి కోస్తే లోపల మిగిలిన 26 మి.మీ. ముడతలు పడుతుంది. 452కి కోస్తే బయట చాలినంత సాగదీయడం కష్టం. 458 దగ్గర కోయండి. తడి తోలు బయట 20 మి.మీ. సాగగలదు, లోపల మిగిలే 6 మి.మీ.ని కుట్లు సర్దేస్తాయి. ఆకుల మధ్య దూరాలన్నీ ఒకటేనని నమ్మకుండా ఆరు అరలనీ విడివిడిగా కొలిచి, ముక్కల వెనక అంకెలు వేసుకోండి.

ఆకు రిమ్ములోకి దిగేది సరిగ్గా కుట్టు వచ్చే వైపే. అందుకని ప్రతి ముక్కకీ నాలుగు మూలలా పావు వృత్తం కోయాలి. ఆకు లావు 16 మి.మీ. అయితే వ్యాసార్ధం 8 రావాలి, మీరు 7కే కోయండి. పక్కపక్క ముక్కల నాలుగు పావులు కలిసి ఆకు చుట్టూ బిగువుగా మూసుకుంటాయి.

ఆరూ కోసే ముందు 10 సెం.మీ. తునక ఒకటి కోసి, తడిపి, కుట్టి చూడండి. వెడల్పులో ఒక మి.మీ. తేడా ఉందో లేదో అప్పుడే తెలిసిపోతుంది, అదీ చవగ్గా.

రంధ్రాలు

అంచు నుంచి 4 మి.మీ. లోపలికి గీత గీసి, దాని మీద 6 మి.మీ.కి ఒక చుక్క పెట్టండి. జామెట్రీ బాక్సులోని డివైడర్‌ని 6 మి.మీ.కి తెరిచి నడిపించుకుంటూ పోతే స్కేలు కంటే నమ్మకంగా వస్తుంది. ఒక అంచుకి 74 దాకా వస్తాయి, మొత్తం చక్రానికి 900 దగ్గర. రంధ్రం గుండ్రంగా, దారం కంటే కాస్త పెద్దగా ఉండాలి. కత్తి మొనతో చీలిక పెడితే లాగినప్పుడు అంచుదాకా చిరుగుతుంది. చెప్పులు కుట్టేవాళ్ల ఆరెకి గుండ్రటి మొన ఉంటే పనికొస్తుంది.

రెండు అంచుల మీదా రంధ్రాల సంఖ్య ఒకటే కావాలి. లెక్కపెట్టండి, ఇంకొకసారి కూడా. ఒక్కటి తేడా వచ్చినా కుట్టు నిటారుగా రాదు, రిమ్ము చుట్టూ తీగలా మెలికలు తిరుగుతుంది. అది బయటపడేది సరిగ్గా చివరి పది కుట్ల దగ్గర.

కుట్టు

ముక్కని గోరువెచ్చటి మంచినీళ్లలో పది నిమిషాలు ఉంచి, తువ్వాలులో నొక్కి నీళ్లు పిండండి. జిగురు, డబుల్ సైడ్ టేపు రెండూ వద్దని మా మాట. తడి తోలుకి అవి అంటవు, బిగువుగా కుట్టిన తోలుకి వాటి అవసరమూ ఉండదు, మళ్లీసారి తోలు మార్చేవాళ్లకి అదో శిక్ష. ముక్కని రిమ్ము మీద వేసి, రెండు కొసల్నీ ఆకుల దగ్గర దారంతో తాత్కాలికంగా కట్టి పొడవునా సాగదీయండి. మధ్యలో రెండు చోట్ల బట్టల క్లిప్పులు పెడితే చాలు.

3 మీటర్ల దారానికి రెండు కొసలా సూదులు ఎక్కించి, మొదటి జత రంధ్రాల్లో లోపలి నుంచి బయటికి తీసి, రెండు కొసలూ సమానంగా సర్దండి. ఇక్కడి నుంచి ఒకటే నియమం. కుడి దారం సందు మీదుగా ఎడమకి వెళ్లి, సందులోంచి ఎడమ అంచు కిందికి దిగి, తర్వాతి రంధ్రంలోంచి పైకి రావాలి. ఆ వెంటనే ఎడమ దారం అదే విధంగా కుడికి రావాలి. ఎప్పుడూ కుడిదే ముందు. ఒక్కసారి వరస తప్పినా చేప ముల్లు లాంటి అల్లిక అక్కడ తిరగబడి కనిపిస్తుంది. అయిదారు కుట్లు వేశాక దారాన్ని కుట్టు వెంట ముందుకి లాగి బిగించండి. నిటారుగా పైకి లాగితే రంధ్రం చిరుగుతుంది. దారం వేళ్లని కోస్తుంది కాబట్టి చిటికెన వేళ్లకి టేపు చుట్టుకోవడం నయం.

రెండో ఆకు దగ్గరికి వచ్చాక రెండు దారాలనీ మూడు నాలుగు కుట్ల కిందుగా వెనక్కి నడిపి, తోలు కింద ముడి వేసి కోయండి. పాలిస్టర్ కొసని వేడి చేసిన సూదితో అంటిస్తే ఊడదు. అగ్గిపెట్టె వద్దు, తోలు కమురుతుంది. కొత్తవాళ్లకి ముక్కకి రెండు గంటలు పడుతుంది. వరసగా ఆరు చేయకండి, రెండు రోజులకి పంచుకోండి. అలిసిన చేతి బిగువు మొదటి ముక్కకీ చివరి ముక్కకీ తేడా చూపిస్తుంది.

కుట్టు అయిపోయాక గుండ్రటి చెక్క పిడితో దాని మీద రుద్దితే అంచులు అణుగుతాయి. ఒక రోజు నీడలో ఆరనివ్వండి. ఎండలో పెడితే త్వరగా ఆరుతుంది, అంతే త్వరగా పెళుసెక్కుతుంది. ఆరాక తోలు క్రీము పలచగా రాసి తుడిచేయండి. చెప్పులకి రాసినట్టు ఆముదం పట్టించొద్దు. చేతికీ అక్కడి నుంచి తెల్లటి తెరచాపకీ అంటుకుంటుంది.

తోలు వద్దనుకుంటే

3 మి.మీ. అల్లిన పాలిస్టర్ తాడుతో, ఒక్కో చుట్టుకీ ఒక హాఫ్ హిచ్ (తాడు కొసని దాని చుట్టు కిందుగా దూర్చి లాగే ఒంటి ముడి) వేస్తూ చుట్టినా పట్టు బాగుంటుంది, అల్లిక వెంట మెలికల గట్టు కూడా తేలుతుంది. లోపలి అంచు మీద 900 చుట్లు, చుట్టుకి 88 మి.మీ. చొప్పున 80 మీటర్లు. హిచ్‌లతో కలిపి 100 మీటర్లు. ఒకే తాడుతో మొదలుపెడితే ప్రతి హిచ్‌కీ మొత్తం కట్ట లాగాలి. అరకి 17 మీటర్ల చొప్పున ముక్కలు చేసుకోండి. ఇది తోలు కంటే నెమ్మదిగా ఆరుతుంది, చేతికి గరుకు. దూర ప్రయాణాలు చేసే పడవలకి మేము తోలే ఎంచుకుంటాం.

తిరిగి బిగించడం

ఇరుసునీ నడిబొడ్డు రంధ్రాన్నీ శుభ్రంగా తుడిచి, నీళ్లకి కొట్టుకుపోని గ్రీజు వేలితో పలచటి పొరగా రాయండి. ఈ పొర ఉంటే వచ్చేసారి పుల్లర్ అవసరం రాదు. కీ అంచులు గుండ్రంగా అరిగి ఉంటే, లేదా గాడిలో వదులుగా ఆడుతుంటే కొత్తది వేయండి. అరిగిన కీతో చక్రం అటూ ఇటూ కొద్దిగా ఖాళీగా తిరుగుతుంది, ఆ ఖాళీ గాడిని కూడా తినేస్తుంది. కీ గాడి పైకి వచ్చేలా ఇరుసుని తిప్పి, కీని కూర్చోబెట్టి, చక్రాన్ని నిటారుగా తోయండి. వాషర్, నట్టు వేసి బిగించండి. ఎంత బలంతో అన్నది పెడెస్టల్ తయారీదారు పుస్తకంలో ఉంటుంది.

బ్రేకు వదిలి, ఒక కొస నుంచి ఇంకో కొసకి రెండుసార్లు తిప్పండి. చుట్ల లెక్క ముందటిదే రావాలి. కొత్త తోలు మందం వల్ల రిమ్ము ఎక్కడైనా సీటుకో టేబుల్‌కో రాసుకుంటోందేమో చూడండి. ఆటోపైలట్ క్లాంపులు పట్టేచోట ఆకు బోడిగానే ఉండాలి. తర్వాత చుక్కానిని నడిమికి తెచ్చి, కింగ్ స్పోక్ తల మీద 3 మి.మీ. తాడు ఒకటిన్నర మీటర్‌తో మూడు పాయల టర్క్స్ హెడ్ వేసి, అదే దారిలో ఇంకా రెండుసార్లు తిప్పి బిగించండి. ముడిని తోలు ఆరాకే వేయాలి, తడి తోలు మీద వేస్తే ఆరిన తర్వాత వదులై పక్కకి జరుగుతుంది. మొదటి ప్రయాణం తర్వాత నట్టుని ఇంకోసారి స్పానర్‌తో తాకి చూసి, తోలుని మంచినీళ్లతో కడగండి.